‘మే గుస్తా’ను తెలుగులోంచి పట్టుకోండి: స్పానిష్‌లో ఇష్టాయిష్టాలు తప్పుల్లేకుండా చెప్పడం ఎలా

అమీర్‌పేటలో కోచింగ్‌కి వెళ్తున్నా, ఇఫ్లూలో (ఇంగ్లీష్, విదేశీ భాషల యూనివర్సిటీలో) చదువుతున్నా, హైటెక్ సిటీలో స్పానిష్ కస్టమర్లతో మాట్లాడే ‘స్పానిష్ ప్రాసెస్’ ఉద్యోగం కోసం ఫోన్‌లో యాప్ పెట్టుకుని సొంతంగా కుస్తీ పడుతున్నా, మొదట్లో అందరూ తడబడే చోటు ఒకటే. ‘నాకు టీ ఇష్టం’ అని చెప్పాలి. నోట్లోంచి ‘యో గుస్తో తే’ అని వస్తుంది. ‘మే గుస్తా ఎల్ తే’ అనాలని టీచర్ దిద్దుతారు, మళ్ళీ అదే వస్తుంది.

దీనికి కారణం మన పుస్తకాలు, యాప్‌లు, క్లాసులు దాదాపు అన్నీ ఇంగ్లీష్ మీదుగా స్పానిష్ నేర్పడమే. ఇంగ్లీష్‌లో ‘ఐ లైక్ టీ’ అన్నప్పుడు పని చేసేది ‘ఐ’. స్పానిష్‌లో అలా కాదు, అక్కడ టీయే కర్త, నేను కాదు. ఇంగ్లీష్ మాట్లాడేవాళ్ళకి ఇది తలకిందులుగా కనిపిస్తుంది కాబట్టి వాళ్ళ కోసం రాసిన పుస్తకాలు పేజీలకు పేజీలు వివరిస్తాయి. మనకి ఆ తిప్పలు అక్కర్లేదు. ‘నాకు నచ్చింది’ అని రోజూ అనేవాళ్ళం మనం. ఆ వాక్యం స్పానిష్ వాక్యానికి దాదాపు అచ్చు. కాకపోతే రెండూ సరిపోలని చోట్లు కొన్ని ఉన్నాయి, తెలుగువాళ్ళు పడే అసలు దెబ్బలు అక్కడే, వాటి మీదే ఎక్కువసేపు ఆగుదాం.

1. మొదలుపెట్టే ముందు

ఇవి సిద్ధంగా ఉంటే మిగతాదంతా సాఫీగా సాగుతుంది:

- ఒక నోట్‌బుక్. ఫోన్‌లో టైపు చేయకండి, ఆటోకరెక్ట్ చెడగొడుతుంది.
- మీకు నచ్చేవి పది, నచ్చనివి పది, తెలుగులోనే రాసుకోండి. నిజంగా మీవే రాయండి: ఇరానీ చాయ్, మామిడిపండ్లు, వర్షం, ఆఫీసు మీటింగ్‌లు, ఏదైనా.
- వాటి స్పానిష్ పేర్లు, ఆ పేరు ముందు వచ్చే ‘ఎల్’, ‘లా’, ‘లోస్’, ‘లాస్’తో సహా (ఇవి ఇంగ్లీష్ ‘ది’ లాంటి మాటలు).

ఉచ్చారణ గురించి ఒక్క మాట. స్పానిష్ ‘త’, ‘ద’ మన త, ద లాంటివే, ట, డ కాదు. ‘గుస్టా’ అనకండి, ‘గుస్తా’ అనండి. ఇంగ్లీష్ అలవాటు వదిలితే చాలు, ఈ విషయంలో మన నాలుక ముందే తయారుగా ఉంది.

2. ‘ఇష్టం’ పక్కన పెట్టండి, ‘నచ్చు’ పట్టుకోండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. ‘నాకు మామిడిపండు ఇష్టం’, ‘నాకు మామిడిపండ్లు ఇష్టం’. చూడండి, ‘ఇష్టం’ మారలేదు. ఇప్పుడు ‘నచ్చు’తో చెప్పండి: ‘నాకు పాట నచ్చుతుంది’, ‘నాకు పాటలు నచ్చుతాయి’. క్రియ పాటను బట్టి మారింది, నన్ను బట్టి కాదు. ‘గుస్తా’కి మూలమైన ‘గుస్తార్’ అనే క్రియ చేసేది సరిగ్గా ఇదే.

- నాకు టీ నచ్చుతుంది: మే గుస్తా ఎల్ తే
- నాకు మామిడిపండ్లు నచ్చుతాయి: మే గుస్తాన్ లోస్ మాంగోస్

కాబట్టి స్పానిష్ వాక్యం కట్టే ముందు మనసులో తెలుగు వాక్యాన్ని ‘నచ్చు’తో అనుకోండి. ‘తుంది’ వస్తే గుస్తా, ‘తాయి’ వస్తే గుస్తాన్. ‘ఇష్టం’తో అనుకుంటే ఆ సూచన అందదు, గుస్తా దగ్గరే ఉండిపోతారు.

మనుషుల విషయంలోనూ ఇంతే. ‘నువ్వు నాకు నచ్చావు’ అనేటప్పుడు చివర ‘వు’ ఎందుకొచ్చింది? నచ్చింది ‘నువ్వు’ కాబట్టి. స్పానిష్‌లో ‘మే గుస్తాస్’, ఆ చివరి ‘స్’ పని అదే. ‘నేను నీకు నచ్చానా?’ అంటే ‘తే గుస్తో?’. ఇంగ్లీష్ మీదుగా వెళ్ళేవాళ్ళకి ఈ రెండు వాక్యాలూ ఎంతకీ మింగుడుపడవు. మనకి ఒక్క నిమిషం పని. అయితే ‘మే గుస్తాస్’ ఎవరితో పడితే వాళ్ళతో అనకండి, కారణం ఏడో మెట్టులో ఉంది.

3. ‘నాకు, నీకు, మీకు’ వరస కంఠస్థం చేయండి

- నాకు: మే
- నీకు: తే
- అతనికి, ఆమెకు, మర్యాదగా ఒక్కరినే ‘మీకు’ అనేటప్పుడు: లే
- మాకు, మనకు: నోస్
- వాళ్ళకు, చాలామందిని ‘మీకు’ అనేటప్పుడు: లేస్

మాకు, మనకు అనే తేడా స్పానిష్‌లో లేదు, రెంటికీ నోస్. స్పెయిన్‌లో స్నేహితుల గుంపుతో మాట్లాడేటప్పుడు ‘లేస్’ బదులు ‘ఓస్’ అంటారు, లాటిన్ అమెరికాలో అది వాడరు. మీ క్లయింట్ మెక్సికోవాడో కొలంబియావాడో అయితే ఓస్ జోలికి వెళ్ళకండి.

నీకు, మీకు తేడా మనకి చిన్నప్పటి నుంచి అలవాటే కదా. కాల్‌లో కస్టమర్‌తో మాట్లాడేటప్పుడు ఆ అలవాటే వాడండి: తెలుగులో ‘మీకు’ అనే చోట ‘లే’, ‘నీకు’ అనే చోట ‘తే’. మొదట్లో ఇది సరిపోతుంది.

4. వాక్యం కట్టే వరస

వరస ఇది: ముందు మే, తే, లే లాంటి చిన్న మాట, తర్వాత క్రియ, చివర నచ్చిన వస్తువు. తెలుగులో క్రియ చివరికి వెళ్తుంది, అక్కడ వస్తువు చివరికి వెళ్తుంది. తేడా అంతే.

‘కాదు’ చెప్పాలంటే ‘నో’ ఆ మే, తే, లేల కంటే ముందు: నో మే గుస్తా ఎల్ కాఫే. ‘మే నో గుస్తా’ అనేది తప్పు.

ఇప్పుడు మనకి బొత్తిగా అలవాటు లేనిది: వస్తువు ముందు ‘ఎల్, లా, లోస్, లాస్’. తెలుగులో అలాంటి మాటలే లేవు, ఇంగ్లీష్‌లో ‘ఐ లైక్ టీ’లోనూ లేదు, కాబట్టి రెండు భాషలూ కలిసి మనల్ని మోసం చేస్తాయి. ‘మే గుస్తా తే’ అంటే అర్థమవుతుంది కానీ తప్పు. ‘మే గుస్తా ఎల్ తే’ అనాలి. అక్కర్లేని చోట్లు: ఊరి పేరు (మే గుస్తా హైదరాబాద్), మనిషి పేరు, ‘నా’, ‘ఈ’ లాంటి మాట ముందే ఉన్నప్పుడు (మే గుస్తా మి త్రబాహో, అంటే నా ఉద్యోగం నాకు నచ్చుతుంది).

పనులు నచ్చితే క్రియ మూలరూపం పెట్టండి, ఎన్ని పనులున్నా ఏకవచనమే: మే గుస్తా కాంతార్ ఇ బైలార్, నాకు పాడటం, డాన్స్ చేయడం నచ్చుతుంది. రెండు పనులు కదా అని గుస్తాన్ పెట్టకండి.

ఇంకొకటి. ‘అది నాకు నచ్చింది’లో ‘అది’ కోసం స్పానిష్ మాట వెతకకండి. ఉత్త ‘మే గుస్తా’ చాలు. ‘మే లో గుస్తా’ అనేది స్పానిష్‌లో లేదు.

5. ‘అమ్మకు’ అన్నప్పుడు రెండుసార్లు చెప్పాలి

తెలుగులో ‘మా అమ్మకు వర్షం నచ్చుతుంది’ అంటే ‘కు’ ఒక్కసారే. స్పానిష్‌లో రెండుసార్లు: ఆ మి మాద్రే లే గుస్తా లా యువియా. ముందు ‘ఆ’ ఒక ‘కు’, మధ్యలో ‘లే’ ఇంకో ‘కు’. రెండూ ఉండాలి.

మనవాళ్ళు చేసే తప్పులు రెండు రకాలు. ‘మి మాద్రే లే గుస్తా’ అని ముందున్న ‘ఆ’ వదిలేయడం, లేదా ‘ఆ మి మాద్రే గుస్తా’ అని ‘లే’ వదిలేయడం. మొదటిది ఎక్కువ. వాక్యాన్ని మనిషితో మొదలుపెడుతున్నారంటే మొదటి అక్షరం ‘ఆ’ అయి ఉండాలని గట్టిగా పెట్టుకోండి.

‘ఆ మీ మే గుస్తా’ అని కూడా వింటారు. అది మన ‘నాకైతే నచ్చుతుంది’ లాంటిది. నొక్కి చెప్పాలన్నా, ఇంకొకరితో పోల్చాలన్నా ‘ఆ మీ’ కలుపుతారు. ‘ఆ మీ’ తీసేయొచ్చు, ‘మే’ మాత్రం తీయకూడదు.

జవాబుల్లో ఇది బాగా పనికొస్తుంది. ఎవరైనా ‘మే గుస్తా ఎల్ తే’ అంటే:

- నాకు కూడా: ఆ మీ తాంబియెన్
- నాకు నచ్చదు: ఆ మీ నో

‘నో మే గుస్తా’ అంటే:

- నాకూ నచ్చదు: ఆ మీ తాంపోకో
- నాకు నచ్చుతుంది: ఆ మీ సీ

ఇక్కడ ‘యో తాంబియెన్’ అనడం ఇంగ్లీష్‌లోంచి వచ్చే తప్పు. తెలుగులో ‘నాకు టీ నచ్చుతుంది’ అని ఎవరైనా అంటే ‘నేను కూడా’ అంటామా? ‘నాకూ’ అంటాం.

6. ‘తుంది, తాయి’ మోసం చేసే చోట్లు

రెండో మెట్టులో చెప్పిన కిటుకు చాలావరకు పనిచేస్తుంది. కానీ తెలుగులో బహువచనమైనవన్నీ స్పానిష్‌లో బహువచనం కావు. ఈ జాబితా నోట్‌బుక్‌లో ఎక్కించుకోండి:

- పాలు నచ్చుతాయి, కానీ మే గుస్తా లా లేచే
- నీళ్ళు నచ్చుతాయి, కానీ మే గుస్తా ఎల్ ఆగువా
- ఈ ఊరి జనం నచ్చుతారు, కానీ మే గుస్తా లా హెంతే
- బట్టలు నచ్చుతాయి, కానీ మే గుస్తా లా రోపా

లెక్కలు మాత్రం రెండు చోట్లా బహువచనమే: మే గుస్తాన్ లాస్ మాతెమాతికాస్.

కొలవడానికే తప్ప లెక్కపెట్టడానికి వీల్లేని పాలు, నీళ్ళు లాంటివి వస్తే ఒక్క క్షణం ఆగండి. తెలుగు ‘తాయి’ని నమ్మకుండా స్పానిష్ పేరు ముందు ‘లా’ ఉందా ‘లాస్’ ఉందా చూడండి. ‘లోస్, లాస్’ కనిపిస్తే గుస్తాన్, ‘ఎల్, లా’ కనిపిస్తే గుస్తా. మొదట్లో పేర్లను ఎల్, లాలతో సహా రాసుకోమన్నది ఇందుకే. టీ, కాఫీ లాంటి రెండు వస్తువులను ‘ఇ’తో (ఇంగ్లీష్ ‘అండ్’ లాంటి మాట) కలిపి చెబితే గుస్తాన్ పెట్టడం సేఫ్.

7. ఎంత నచ్చింది, ఎలా నచ్చింది

చాలా నచ్చితే ‘మే గుస్తా మూచో’. ఇంకా ఎక్కువైతే ‘మే ఎన్‌కాంతా’. ఎన్‌కాంతాలోనే ‘విపరీతంగా’ అనే అర్థం ఉంది కాబట్టి దానికి మళ్ళీ ‘మూచో’ తగిలించకండి. అస్సలు నచ్చకపోతే ‘నో మే గుస్తా నాదా’.

మనుషుల దగ్గర జాగ్రత్త. ‘మే గుస్తాస్’ అంటే మామూలుగా ప్రేమ సంగతి అని అర్థం చేసుకుంటారు. టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి మంచిది, కలుపుగోలు మనిషి అని చెప్పాలనుకుని ‘మే గుస్తా’ అన్నారనుకోండి, ఎదుటివాళ్ళు మీ వైపు ఇంకోలా చూస్తారు. స్నేహంగా నచ్చడానికి వేరే మాట ఉంది: మే కాయే బియెన్. నచ్చకపోతే మే కాయే మాల్. ‘నువ్వు మంచిగనిపిస్తవ్’ అని మన హైదరాబాద్‌లో మామూలుగా అనేస్తాం కదా, ఆ మాటకి ‘మే కాయెస్ బియెన్’ సరిగ్గా సరిపోతుంది.

8. ‘నచ్చింది’ ఒకటే, స్పానిష్‌లో మాత్రం రెండు

ఇది తెలుగులోంచి వచ్చేవాళ్ళకి ఎదురయ్యే చిక్కు, ఇంగ్లీష్ మాట్లాడేవాళ్ళకి ఉండదు. జనరల్ బజార్‌లో ఒక చొక్కా పట్టుకుని ‘ఇది నాకు నచ్చింది’ అంటాం. భూతకాలంలో అన్నా, మన ఉద్దేశం ఇప్పుడు నచ్చుతోందనే. స్పానిష్‌లో అక్కడ వర్తమానమే రావాలి: మే గుస్తా ఎస్తా కామీసా. భూతకాలం పెడితే ఎప్పుడో చూసిన చొక్కా గురించి చెబుతున్నట్టు ఉంటుంది.

నిన్న చూసిన సినిమా అయిపోయింది కాబట్టి అది భూతకాలం: మే గుస్తో లా పెలీకులా. ఈ ‘గుస్తో’లో చివరి ‘తో’ మీద బరువు పెట్టి పలకాలి, స్పానిష్ రాతలో ఆ అక్షరం మీద చిన్న గీత ఉంటుంది. అలా కాకుండా మొదటి అక్షరం మీద బరువు పెడితే ‘నేను నచ్చుతాను’ అనే గుస్తో అయిపోతుంది. ఇలా బరువు పడే చోటు మారితే అర్థం మారడం మన భాషలో లేదు కాబట్టి చెవికి పట్టేదాకా గట్టిగా అని చూడాలి.

మిగతా కాలాలు మనకి తేలికే. ‘నచ్చేది’ అంటే గుస్తాబా, ‘నచ్చేవి’ అంటే గుస్తాబాన్: ఆంతెస్ మే గుస్తాబా ఎల్ తే, ఆఓరా మే గుస్తా ఎల్ కాఫే. ఒకప్పుడు టీ నచ్చేది, ఇప్పుడు కాఫీ.

‘నాకు చార్మినార్ చూడాలని ఉంది’ అనే వాక్యానికి ‘మే గుస్తరీయా వేర్ ఎల్ చార్మినార్’. హోటల్లో ఆర్డర్ ఇచ్చేటప్పుడు కూడా ‘మే గుస్తరీయా’ అనాలి, ‘మే గుస్తా ఉన్ కాఫే’ అంటే ఆర్డర్ అవదు.

9. ఇదే బాటలో నడిచే మిగతా క్రియలు

గుస్తార్ వచ్చేస్తే ఇవన్నీ వరసగా వచ్చేస్తాయి, తెలుగులోనూ వీటిలో చాలావాటికి ‘నాకు’ ఉంది:

- దోలేర్: మే దుయెలే లా కబేసా, నాకు తలనొప్పిగా ఉంది. పాదాలైతే మే దుయెలెన్ లోస్ పియెస్. ‘నా తల’ అని ‘మి’ పెట్టకండి, ‘లా’ చాలు.
- పారెసేర్: మే పారెసే కారో, నాకు ఖరీదనిపిస్తోంది. మన ‘అనిపించు’ ఇదే.
- ఇంతెరెసార్: మే ఇంతెరెసా లా ఇస్తోరియా, నాకు చరిత్ర అంటే ఆసక్తి.
- ఫల్తార్: మే ఫల్తాన్ సియెన్ రూపియాస్, నాకు వంద రూపాయలు తక్కువయ్యాయి.
- కెదార్: మే కెదాన్ సియెన్ రూపియాస్, నాకు వంద రూపాయలు మిగిలాయి.
- ఇంపోర్తార్: నో మే ఇంపోర్తా, నాకు పట్టింపు లేదు.
- మోలెస్తార్: మే మోలెస్తా ఎల్ రుయిదో, ఆ చప్పుడు నాకు చికాకు. ఇంగ్లీష్‌లో ఇలాంటి మాటకి ఉన్న చెడ్డ అర్థం చూసి జంకకండి, స్పానిష్‌లో ఇది రోజువారీ మాట.

ఫల్తార్, కెదార్ ఒకేసారి నేర్చుకుంటే కలిసిపోతాయి. ఫల్తార్ వారం, కెదార్ ఇంకో వారం చేయండి.

10. తెలుగు ‘నాకు’ అంతా ‘మే’ కాదు

ఇంతవరకు తెలుగును నమ్మమన్నాను. ఇక్కడ మాత్రం వద్దు. మనం ‘నాకు’తో చెప్పేవి ఇంకా బోలెడు ఉన్నాయి, వాటిలో చాలా స్పానిష్‌లో ‘నేను’ వాక్యాలు:

- నాకు ఆకలేస్తోంది: తెంగో ఆంబ్రే
- నాకు జ్వరంగా ఉంది: తెంగో ఫియెబ్రే
- నాకు ఇద్దరు అన్నయ్యలు: తెంగో దోస్ ఎర్మానోస్
- నాకు ఇరవై ఏళ్ళు: తెంగో వెయింతే ఆన్యోస్
- నాకు కావాలి: కియెరో
- నాకు తెలుసు: సే
- నాకు అర్థమైంది: ఎంతియెందో

గుర్తుపెట్టుకోవడానికి తేలిక దారి ఇది. ఒంట్లో ఉన్న స్థితి, వయసు, చుట్టాలు అయితే ‘తెంగో’, అంటే ‘నా దగ్గర ఉంది’ అన్న మాట. కావడం, తెలియడం, అర్థమవడం అయితే మామూలు ‘నేను’ క్రియ. తలనొప్పి మాత్రం పైన చెప్పినట్టు దోలేర్‌తో. జ్వరానికి తెంగో, తలకి మే దుయెలే అనే తేడా డాక్టర్ దగ్గర పనికొస్తుంది, బాగా చూసుకోండి.

11. సాధన: ఏది ముందు, ఏది తర్వాత

మొదటి వారం మీరు రాసుకున్న ఇరవై వస్తువులతో మే గుస్తా, మే గుస్తాన్, నో మే గుస్తా మాత్రమే. రాయడం కంటే పైకి అనడం ముఖ్యం. అమీర్‌పేట నుంచి రాయదుర్గం వెళ్ళే మెట్రోలో ఒక్కో స్టేషన్‌కి ఒక్కో వాక్యం మెల్లగా అనుకోండి, జాబితాలో సగానికి సగం అక్కడే అయిపోతుంది.

రెండో వారం ఇంట్లోవాళ్ళు. ఆ మి పాద్రే లే గుస్తా, ఆ మి ఎర్మానా లే గుస్తాన్ అంటూ ఒక్కొక్కరి గురించి మూడు వాక్యాలు. ‘ఆ’, ‘లే’ రెండూ పడ్డాయో లేదో ఎర్ర పెన్నుతో మీరే దిద్దుకోండి. మూడో వారం కాలాలు, ఆ తర్వాతే తొమ్మిదో మెట్టులోని క్రియలు. తొందరపడి అన్నీ ఒకేసారి పెట్టుకోవద్దు, గుస్తా, గుస్తాన్ తేడా తడుముకోకుండా వచ్చేదాకా మిగతావి ఆగినా నష్టం లేదు. డేలే ఏ1 (స్పానిష్ ప్రావీణ్య పరీక్షలో మొదటి స్థాయి) లాంటి పరీక్షకి కూడా ముందు కావాల్సింది ఇదే.

ప్రతి వాక్యం రాశాక ఈ చెక్‌లిస్ట్ చూసుకోండి:

- వాక్యం ‘యో’తో మొదలైందా? కొట్టేయండి.
- మనిషి పేరు ముందు ‘ఆ’ ఉందా? ఉంటే ‘లే’ కూడా ఉందా?
- వస్తువు ముందు ఎల్, లా, లోస్, లాస్ ఉన్నాయా?
- లోస్, లాస్‌కి గుస్తాన్ పెట్టారా?
- పనులైతే గుస్తాయే పెట్టారా?
- ‘నో’ మే, తే, లేల కంటే ముందుందా?
- ఎన్‌కాంతా పక్కన మూచో చేరిందా? తీసేయండి.

‘నువ్వు రావడం నాకు నచ్చుతుంది’ లాంటి వాక్యాలు మాత్రం ఇప్పుడే ప్రయత్నించకండి. అక్కడ ‘మే గుస్తా కే’ తర్వాత క్రియ ఇంకో రూపంలోకి మారుతుంది, ఆ రూపం వేరుగా నేర్చుకోవాల్సిన పాఠం. అది వచ్చేదాకా ‘నీతో మాట్లాడటం నాకు నచ్చుతుంది’ అని మలుచుకోండి: మే గుస్తా ఆబ్లార్ కోంతీగో.